మునిలక్ష్మి సర్వరు, పెంచలయ్య మొక్కు

మునిలక్ష్మి బెంగుళూరులో ఉద్యోగం మానేసి తిరుపతికి ఎందుకు వచ్చేసిందని ఎవరైనా అడిగితే, అక్కడ సాంబారులో బెల్లం వేస్తారని చెబుతుంది. అడిగినవాళ్ళు నవ్వుతారు. తను మాత్రం నవ్వదు. రెండేళ్ళు ఓర్చుకున్నానని, ఇక తన వల్ల కాలేదని, అంతకంటే పెద్ద కారణం ఉంటే మీరే వెతుక్కోండని అంటుంది. నేనైతే ఆ మాట నమ్ముతాను. తిండి దగ్గర రాజీపడే మనిషి కాదు ఆమె.

తిరుపతిలోనే కొర్లగుంట పిల్ల. తండ్రి మునిరామయ్య రేణిగుంటలో గూడ్సు బండ్ల సరుకు దించే ముఠాకు మేస్త్రీ. ఆ ఇంట్లో అందరివీ పెద్ద గొంతులే. తల్లి సుబ్బులమ్మ వాకిట్లో నిలబడి పిలిస్తే నాలుగు వీధుల అవతల బస్సులు ఆగుతాయని మా ఆయన వేళాకోళమాడతాడు. మా ఆయన గంగాధరం. తిలక్ రోడ్డు పక్క సందులో మాది ఫోటో స్టూడియో. నా పేరు చంద్రకాంతమ్మ. నాకు ముక్కు మీదే కోపమని ఆ సందులో అందరికీ తెలుసు, మీరూ తెలుసుకుంటే మంచిది.

మా స్టూడియో పై గదిని మునిలక్ష్మి అద్దెకు తీసుకుంది. ఆమె పని సర్వర్లు చూసుకోవడం. అంటే ఏమిటే అని మొదట్లో నేనడిగితే ఓపిగ్గా చెప్పింది. చెన్నైలో ఒక చల్లటి గదిలో కంప్యూటరు ఒకటి రాత్రీ పగలూ నడుస్తూ ఉంటుందట. ఎవరు ఏ దేశం నుంచి మన పేజీ అడిగినా తీసి ఇస్తుందట. అది అలిగితే ఇక్కణ్ణుంచే బుజ్జగించడం తన పనట. ఒక లాడ్జికీ, ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీకీ, మా స్టూడియోకీ ఆమే ఆ పని చేసేది. బుజ్జగించడం అని చెప్పింది గానీ, నేను పై గదికి కాఫీ తీసుకెళ్ళినప్పుడల్లా వినిపించేది తిట్లే. ‘ఏం మే, మళ్ళా పండుకున్నావా’ అని తెరను గద్దించేది. పని సరిగ్గా కుదిరితే కుర్చీలో గిర్రున తిరిగి, తనకు తానే శభాష్ అని చెప్పుకునేది. ఇంకొకరు మెచ్చుకునేదాకా ఆగే రకం కాదు.

రెండువేల నాలుగు మే నెలలో గంగజాతర వచ్చింది. జాతరంటే మా ఊళ్ళో వారం రోజులు మనుషులు మనుషుల్లా ఉండరు. ఒకనాడు ఒళ్ళంతా నామం సుద్ద, ఒకనాడు కుంకుమ, ఒకనాడు బొగ్గుపొడి. ఆదివారం మాతంగి వేషం. ఆ రోజు మీసాలున్న మగవాళ్ళు కూడా చీరలు కట్టి, పూలు పెట్టి, గాజులు వేసుకుని తాతయ్యగుంట గంగమ్మ గుడికి పోతారు. వేషంలో ఉన్నవాళ్ళు ఎంత పచ్చిగా తిట్టినా ఎవరూ కోపం తెచ్చుకోకూడదు. వేషం వేయకపోయినా నాకు ఆ హక్కు ఏడాది పొడుగునా ఉంటుందని మా ఆయన అంటాడు. ఇంకొక కట్టుబాటు కూడా ఉంది. డప్పుతో చాటింపు వేశాక, జాతర ముగిసేదాకా ఊరివాళ్ళు పొలిమేర దాటి పోకూడదు.

అంతకు ముందు ఏడాది నుంచి మా ఆయన వేషాల ఫోటోలను ఇంటర్నెట్‌లో పెట్టడం మొదలుపెట్టాడు. కువైట్‌లో, బెంగుళూరులో, చెన్నైలో ఉన్న మనవాళ్ళు చూసుకుని సంబరపడేవారు. ఆ సంగతి విని పెంచలయ్య వచ్చాడు.

పెంచలయ్య రేణిగుంటకూ తిరుపతికీ మధ్య షేర్ ఆటో నడిపేవాడు. మాట తక్కువ, మీసం ఎక్కువ. ఆ మీసాన్ని చూసి పోలీసులు కూడా ఆటోను పక్కకు పెట్టమని చెప్పడానికి రెండుసార్లు ఆలోచించేవారు. మూడేళ్ళ కిందట అతని భార్య ఆనందమ్మకు కామెర్లు ముదిరి, డాక్టర్లు చేతులెత్తేశారు. అప్పుడు ఆస్పత్రి వరండాలో నిలబడి మొక్కుకున్నాడట, ఈమె లేచి కూర్చుంటే ఈమె పెళ్ళిచీరే కట్టుకుని మాతంగి వేషం వేస్తానని. ఆమె లేచింది. ఆ ఏడే కువైట్‌లో ఒక ఇంట్లో వంటపనికి వెళ్ళిపోయింది. మొక్కు మాత్రం అట్లాగే నిలిచిపోయింది. మీసం తీయాలంటే సిగ్గు, తీయకుండా చీర కడితే అమ్మవారిని ఎగతాళి చేసినట్టు ఉంటుందని భయం. ఆనందమ్మ ఫోన్ చేసినప్పుడల్లా అడిగేది ఒకటే, మొక్కు ఎప్పుడు తీరుస్తావని.

ఈసారి తీరుస్తానని మాటిచ్చాడు. నా కళ్ళతో చూస్తే గానీ నమ్మనంది ఆమె. ఆ ఇంటి యజమానురాలిని బతిమాలి, శుక్రవారం సెలవును ఆదివారానికి మార్చుకుంది. పక్కింట్లో పనిచేసే రాజంపేట ఆమె ఇంటర్నెట్ సెంటరుకు తీసుకుపోతానంది. ఒక్క గంట, అదీ మనకు పొద్దుగూకే వేళ. ఆ తర్వాత ఆ ఇంటివాళ్ళు ఎండలకు వేరే దేశం పోతారు, ఈమెనూ తీసుకుపోతారు. మళ్ళీ చూడాలంటే చలికాలమే. పోస్టులో పంపవచ్చు కదా అన్నాను. ఆ ఇంటికి వచ్చే ఉత్తరాలు తన చేతికి వస్తాయో రావోనని ఆమె చెప్పిందట. మూడేళ్ళుగా ఆమె మొగుడి గొంతు విన్నదే తప్ప ముఖం చూడలేదు. అది వినగానే నా కోపం ఎక్కడికి పోయిందో, నేనే మా ఆయనతో చెప్పాను, ఆదివారం ఏ పనైనా ఆగనీ గానీ ఇది మాత్రం ఆగకూడదని.

ఆగింది. అదే కదా కథ.

శనివారం చీకటి పడే వేళకు మా పేజీ తెరిస్తే తెల్లగా, ఏమీ లేకుండా వచ్చింది. మునిలక్ష్మి చూసి, ఇదేం పెద్ద జబ్బు కాదంది. సర్వరుకు మాడ్యూళ్ళని కొన్ని పనిముట్లు తగిలిస్తారట. ఒకటి పీహెచ్‌పీ. అది వంటవాడి లాంటిది, అడిగిన పేజీని అప్పటికప్పుడు తయారు చేస్తుంది. ఇంకొకటి ఆ పేజీని నొక్కి చిన్న మూట కట్టి పంపేది, మన డొక్కు ఫోను లైన్ల మీద తొందరగా చేరడానికి. ఇద్దరికీ పని చేసుకోవడానికి చోటు కావాలి, ఆ చోటు పేరు మెమరీ. వంటవాడు తనకిచ్చిన చోటు చాలడం లేదని సర్వరు చిట్టాలో మొరపెట్టుకుంటున్నాడని చెప్పి, ఆ హద్దును పెంచేసింది. పేజీ వచ్చింది. కుర్చీలో గిర్రున తిరిగింది, శభాష్ అనుకుంది, ఇంటికి పోయింది.

ఆదివారం పొద్దున పెంచలయ్య వచ్చాడు. గుమ్మంలో ఎవరో కొత్త మనిషి నిలబడ్డాడని ఎవరు కావాలని అడిగాను. ‘నేనే అక్కా’ అన్నాడు. మీసం లేదు. పై పెదవి మీద చర్మం తెల్లగా, ఎన్నడూ ఎండ తగలనట్టు ఉంది. నవ్వు ఆపుకోలేక లోపలికి పరుగెత్తి, నీళ్ళు తాగి మళ్ళీ వచ్చాను. ఆనందమ్మ పెళ్ళిచీర, వంగపండు రంగు కంచిపట్టు, ట్రంకు పెట్టె వాసన ఇంకా పోలేదు. కుచ్చిళ్ళు పెడుతుంటే ఆ మనిషి కొయ్యలా బిగుసుకుపోయాడు, ఊపిరి వదులప్పా అని గదమాయించాల్సి వచ్చింది. ముఖానికి మందంగా పసుపు, నుదుటి నిండా కుంకుమ, కళ్ళకు కాటుక, ముక్కుకు అంటించే బులాకీ. తయారయ్యాక అద్దంలో చూసుకుని కొంగును భుజం చుట్టూ లాక్కున్నాడు. మా ఆయన కొత్త డిజిటల్ కెమెరాతో ఫోటో తీసి పేజీలో పెట్టాడు. పెంచలయ్య గుడికి పోయి మొక్కు తీర్చుకుని మధ్యాహ్నానికి తిరిగొచ్చాడు. చీర విప్పనన్నాడు. ఆమె చూసిందని తెలిసేదాకా మొక్కు తీరనట్టేనట.

అప్పటికి సర్వరు పూర్తిగా పడిపోయి ఉంది.

తెల్ల పేజీ కూడా రావడం లేదు. మునిలక్ష్మి చెన్నై గదిలో కాపలా ఉండే మనిషికి ఫోన్ చేసింది. ఈమె తెలుగులో సగం తమిళం, ఆయన తమిళంలో సగం ఇంగ్లీషు. డిస్కు దీపం ఆరకుండా వెలుగుతూనే ఉందని చెప్పాడు. అంటే మెమరీలో పట్టక డిస్కు మీదికి ఎత్తుతూ దించుతూ అల్లాడిపోతోందన్నమాట. ఆపి మళ్ళీ వేయించింది. కాసేపు నడిచింది, మళ్ళీ బిగుసుకుంది. పక్కనే నా గొంతు జోరీగలా మోగుతూ ఉంది, ఏమైందే, ఏమైందే అని. చివరికి నోరు తెరిచి ఒప్పుకుంది. నిన్న హద్దు పెంచడం తన బుద్ధి తక్కువ పనట. జబ్బు ఏమిటో చూడకుండా పథ్యం తీసేసిందట. పేజీ అడిగిన ఒక్కొక్కరికీ ఒక్కొక్క వంటవాడు లేస్తాడట, ఒక్కొక్కడూ నిన్నటికంటే ఎక్కువ చోటు ఆక్రమించుకున్నాడు, ఆదివారం కావడంతో చూసేవాళ్ళు వెల్లువలా వచ్చారు, ఇక గదిలో కాలు పెట్టే చోటెక్కడిది.

ఇంకొక మెమరీ ముక్క కొనుక్కుని చెన్నై పోయి తగిలిస్తే తీరిపోతుందేమో. ఆమె ఆ మాట అనగానే మెట్ల మీద కూర్చున్న సుబ్బులమ్మ లేచింది. చాటింపు వేశాక పొలిమేర దాటే ఆడపిల్ల తన కడుపున పుట్టలేదంది. పెంచలయ్య కూడా ఆ వారం ఆటోను రేణిగుంట దాకా తోలడం లేదు. మునిలక్ష్మి తల్లితో వాదించలేదు. తనకూ పోవాలని లేదని నాకు తెలుసు. చంటిపిల్లగా ఉన్నప్పటి నుంచి ఏ జాతరకూ ఊరు విడవలేదు ఆమె. బెంగుళూరులో ఉన్నప్పుడు కూడా ఆ వారానికి సెలవు పెట్టి వచ్చేది.

తర్వాత మూట కట్టే మాడ్యూలు మీద పడింది. అది ఫోటోలను కూడా నొక్కుతోంది. ఫోటోలు ముందే నొక్కి ఉన్నవి, మళ్ళీ నొక్కితే ఆయాసమే తప్ప తగ్గేదేమీ లేదు. అక్షరాల పేజీలను మాత్రం నొక్కమని, బొమ్మల జోలికి పోవద్దని రాసింది. సర్వరు కొంచెం తెప్పరిల్లింది, అయినా మెమరీ నిండుతూనే ఉంది. ఒకేసారి లోపలికి వచ్చేవాళ్ళ సంఖ్యను తగ్గించింది. ఈసారి పడిపోలేదు గానీ, మిగతావాళ్ళు బయట వరుసలో నిలబడాల్సి వచ్చింది. సర్వరు బతికింది, ఆనందమ్మ గంట మాత్రం ఆ వరుసలోనే కరిగిపోతుంది. పొద్దు వాలుతోంది. పెంచలయ్య పట్టుచీరలో కింద బల్ల మీద కూర్చుని, పై గది మెట్ల వైపే చూస్తున్నాడు. పైనుంచి మునిలక్ష్మి తిట్లు కూడా వినబడటం లేదు. 

ఆమె ఏ పేజీ ఎంత మెమరీ తింటోందో ఒక్కొక్కటిగా వెతకసాగింది. ఉన్నట్టుండి మెట్ల మీదికొచ్చి కిందికి వంగి, అమ్మవారి పటం ఎవరు మార్చినారని కేకేసింది.

మా ఆయన చెయ్యెత్తాడు. చెయ్యెత్తడమే కాదు, ముఖంలో గర్వం కూడా ఉంది.

సంగతేమిటంటే, మా పేజీలో ఏ ఫోటో తెరిచినా పైన ముందు గంగమ్మ తల్లి కనిపించాలని మా ఆయన పంతం. అమ్మను చూడకుండా మనుషులను చూడటమేమిటని. మునిలక్ష్మి అక్కడ చిన్న బొమ్మ పెట్టింది. శనివారం ఆయనకు అది అవమానంగా తోచింది. గోడకున్న పెద్ద పటాన్ని దించి, స్కానరు ఎంత పెద్దగా తీయగలదో అంత పెద్దగా ముక్కలు ముక్కలుగా తీసి అతికించి, మధ్యాహ్నమంతా కూర్చుని ఆ ఫోను లైను మీద పంపాడు. ఎవరో ఒకరు పేజీ తెరిచినప్పుడల్లా పీహెచ్‌పీ ఆ కొండంత పటాన్ని మెమరీలోకి మోసుకొచ్చి, తెరకు సరిపడా చేసి చూపిస్తోంది. వందమంది తెరిస్తే వందసార్లు.

ఒక్కసారి చిన్నది చేసి అక్కడ పెట్టేస్తే ఈ బాధ ఉండదని మునిలక్ష్మి చెప్పింది. మా ఆయన ఒప్పుకోలేదు. జాతర వారంలో అమ్మవారిని మనిషి చేత్తో చిన్నది చేయడం మహాపాపమన్నాడు. ఇప్పుడు చూపిస్తున్నది చిన్నదే కదా అంటే, అది మిషను చేస్తోంది, మిషనుకు పాపం అంటదు అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. ఈ తెలివి బడిలో చూపించి ఉంటే స్టూడియోకు బదులు కోర్టులో ఉండేవాడివని మొదలుపెట్టి, మా అత్తగారి దాకా ఎవరినీ వదల్లేదు. గోడ మీద వాన పడినట్టే. ఆయన మంచివాడే, నేను కాదనను, కానీ అమ్మవారి దగ్గరికొస్తే రాయి. మునిలక్ష్మి అనుకుంటే ఆయనకు చెప్పకుండా పటం మార్చేయగలదు. ఆ పని మాత్రం చేయలేదు. తనూ ఆ తల్లి బిడ్డే, దొంగచాటుగా ఆమె పటాన్ని ముట్టుకోవడానికి చెయ్యి రాలేదని తర్వాత నాతో అంది.

బదులుగా పెంచలయ్య వైపు తిరిగింది. ‘వేషంలో ఉండావు కదన్నా. తిట్టు ఆయన్ని. నీకు అడ్డం చెప్పేవాళ్ళు లేరు ఈ పొద్దు’ అంది.

పెంచలయ్య లేచి నిలబడ్డాడు. కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని నడిచి మా ఆయన ముందుకొచ్చాడు. తిట్టలేదు. పై పెదవి మీద చెయ్యి పెట్టుకున్నాడు.

‘గంగన్నా, పద్దెనిమిదో ఏట నుంచి పెంచిన మీసం ఇది. పొద్దున తీసేసినా. పెండ్లాం చీర కట్టి బజారంతా తిరిగినా. చెప్పు, నేను చిన్నోణ్ణి అయిపోయినానా?’

మా ఆయన లేదన్నట్టు తల ఊపాడు.

‘నేనే కాలేదంటే, ఆ తల్లి ఎట్ల అవుతుందన్నా? ఆడ కువైట్‌లో నా ఆడది ఎదురుచూస్తా కూసోనుంటాది.’

 వేషంలో ఉన్న మాతంగి నోటి నుంచి వచ్చిన మాట అది, కాదనడానికి లేదు. మా ఆయన గబగబా లోపలికి పోయి కర్పూరం తెచ్చి, పై గదికి ఎక్కి, కంప్యూటరు తెరకే హారతి పట్టాడు. తల్లీ తప్పుంటే నా మీద వెయ్యి, ఆ పిల్ల మీద వెయ్యొద్దు అని దండం పెట్టి, ఇంక చెయ్యి మే అన్నాడు. తెర మీద మసి పడుతుందని మునిలక్ష్మి గొణిగింది గానీ, ముందు తనూ కళ్ళకు అద్దుకుంది.

పటాన్ని తెరకు తగినంతగా చేసి పెట్టింది. మెమరీ హద్దును మళ్ళీ పాత చోటుకు దించింది. సంఖ్య తగ్గించి కట్టిన అడ్డును తీసేసింది. సర్వరును మళ్ళీ నడిపించి, పేజీ తెరిచింది. అమ్మవారు వెంటనే వచ్చారు, ఆ వెనకే పెంచలయ్య. ఇంకొకటి తెరిచింది, ఇంకొకటి, టకటకా వస్తున్నాయి. కుర్చీ గిర్రున ఎన్ని చుట్లు తిరిగిందో చూసేలోపే మెట్లు దిగొచ్చి, నన్ను పట్టుకుని ఊపేస్తూ, నాలాంటిది ఈ జిల్లాలో ఇంకొకటి ఉండాదా అక్కా అంది. లేదే తల్లీ అన్నాను. నిజంగానే అన్నాను.

మాకు రెండు ఫోను లైన్లు, ఒకటి ఇంటర్నెట్‌కు, ఒకటి దుకాణానికి. దుకాణం ఫోను మోగింది. నేనే తీశాను. అవతల నవ్వు. మాట లేదు, ఒకటే నవ్వు, మధ్యలో ముక్కు ఎగబీల్చడం. ఆనందమ్మ. ఆ సెంటరు నుంచే చేసిందట. పెంచలయ్య చేతికిచ్చాను. ఆమె గొంతు మా అందరికీ వినబడుతోంది.

‘సూసినానయ్యా. మొక్కు తీరింది. మా అమ్మ కొన్న చీర, ఎంత కళగా ఉండాది నీకు’ అంది. పెంచలయ్య సిగ్గుతో గోడ వైపు తిరిగాడు. ఆమె వదల్లేదు, మొక్కు చూశాను, ఇక మనిషిని చూడాలంది. పసుపు, కుంకుమ కడుక్కుని ఇంకొక ఫోటో పెట్టించమంది. తనకింకా కొంచెం సేపుందట, ఫోను పెట్టకుండా కూర్చుంటానంది. మీసం లేకుండా ఈ మనిషి ఎట్లా ఉంటాడో పెళ్ళినాటి నుంచి తనకే తెలియదంది.

అంతే, ఇల్లంతా పరుగులు. నేను చెంబుతో నీళ్ళు పోశాను. సుబ్బులమ్మ తన కొంగుతోనే ముఖం తుడిచింది. మా ఆయన ఫోటో తీశాడు, మునిలక్ష్మి కెమెరాను చేతిలోంచి దాదాపు లాక్కుని పైకి పరుగెత్తింది. ఫోనులో ఆనందమ్మ ఊపిరి వినిపిస్తోంది. పైనుంచి, వెళ్ళింది, చూడమని చెప్పండి అని కేక. నేను ఫోనులో చెప్పాను. అవతల మీట నొక్కిన చప్పుడు కూడా వినిపించింది. ఈసారి ఆలస్యమే లేదు.

ఆమె నవ్వలేదు. పెంచలయ్య నా చేతిలోంచి ఫోను తీసుకుని చెవికి గట్టిగా అదుముకున్నాడు. కానీ ఆమె మాట మాకు తెలిసింది, ఎందుకంటే అతను దాన్ని మెల్లగా తిరిగి పలికాడు.

‘చిక్కిపోయినానా? యాడ చిక్కిపోయినాను మే. బాగానే తింటాండా.’

అప్పుడు నేనూ చూశాను. ఇన్నాళ్ళూ మీసం చాటున ఆ దవడలు ఎంత లోపలికి పోయాయో మాకెవరికీ కనబడలేదు. పసుపు కింద కూడా కనబడలేదు. రోజూ చూసే మాకు కనబడనిది కువైట్‌లో కూర్చున్న ఆమె తెర మీద రాగానే కనిపెట్టింది. వంట ఎవరు చేస్తున్నారని అడిగినట్టుంది. పెంచలయ్య ఏదో చెప్పబోయి, పట్టుకొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. కాసేపటికి, వచ్చెయ్ మే, వచ్చెయ్ అన్నాడు. ఆమె ఏమన్నదో వినబడలేదు. అతని ముఖం మాత్రం కనబడింది. ఏడుస్తూనే నవ్వుతున్నాడు.

మునిలక్ష్మి మెట్లు దిగి వచ్చి అది చూసింది. వేషాల ఫోటోలకని వచ్చి గుమ్మంలో గుంపుగా నిలబడ్డవాళ్ళందరినీ బయటికి పంపి, తలుపు దగ్గరికి వేసింది.